పద్నాలుగు పట్టదు, పదిహేను తిరుగుతుంది



పోయిన ఆదివారం మీటింగులో నేను మాట్లాడింది రాసి గ్రూపులో పెట్టమని అడిగారు. ఆ రోజు ఓటీ ఉండి చాలామంది రాలేకపోయారు. వాయిస్ పెడతానంటే "అరగంట వాయిస్ ఎవరు వింటారన్నా" అన్నారు. అదీ నిజమే. నేను పదో తరగతి వరకే చదివినవాణ్ణి. ఎలా మాట్లాడానో అలాగే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

సంగతి పానాల గురించి. పానాల గురించి ఏం చెప్తాడులే అని కొందరు ఆ రోజు నవ్వారు. ముందు ఒక వేలు గురించి చెప్తాను, తర్వాత నవ్వాలనిపిస్తే నవ్వండి.

2012లో తువాస్ వైపు ఒక సైటులో ఉన్నాను. కంపెనీ పేరు వద్దు. అక్కడ అమెరికాలో తయారైన పాత ఎయిర్ కంప్రెసర్ ఒకటి ఉండేది. దాని బెల్టు వదులైంది. బిగించమని ఒక తమ్ముణ్ణి పంపాను. మన శ్రీకాకుళం వైపు పిల్లాడు, వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. పావుగంటలో తిరిగొచ్చాడు.

"అన్నా, పద్నాలుగు పట్టట్లేదు. పదిహేను పెడితే తిరుగుతోంది."

నేనేమన్నానో ఈ రోజుకీ గుర్తు. "రెండిట్లో ఏదో ఒకటి పట్టాలి కదరా, మధ్యలో ఇంకోటి ఉంటుందా? పదిహేనే పెట్టి గట్టిగా లాగు" అన్నాను.

వాడు వెళ్ళి గట్టిగానే లాగాడు. పానా జారింది, కుడిచెయ్యి పోయి ఇనప బ్రాకెట్‌కి కొట్టుకుంది. మధ్యవేలు ఎముక విరిగింది. బోల్టు తల మూలలన్నీ అరిగి గుండ్రంగా అయిపోయింది. నేను పరిగెత్తుకెళ్ళి ముందు చేసిన పని వాణ్ణి తిట్టడం. "చూసుకుని పట్టక్కర్లేదా" అని పదిమందిలో తిట్టాను. ఆ నెల జీతంలో బోల్టు పాడు చేశాడని కొంత కోత కూడా పడింది. నేను నోరు మెదపలేదు.

తర్వాత ఆ బోల్టు తీయడానికి ఒక ముసలి చైనీస్ మెకానిక్ వచ్చాడు. నన్ను అంకుల్ అని పిలవనిచ్చేవాడు. తల చూడగానే తన సంచిలోంచి ఒక పానా తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద 9/16 అని ఉంది. అంగుళంలో పదహారో వంతులు తొమ్మిది. ఎంఎంలో లెక్క కడితే 14.29.

అంటే పద్నాలుగుకీ పదిహేనుకీ మధ్యలో ఇంకోటి ఉంది. ఆ పానా మా టూల్ బాక్సులో లేదు. ఆ బాక్సు ఇచ్చింది నేనే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పానా మీద ఉండే నంబరు ఏం చెప్తుంది? చాలామంది బోల్టు లావు అనుకుంటారు. కాదు. ఇప్పటి పానాల మీద ఉన్న నంబరు పానా నోటి వెడల్పు, అంటే బోల్టు తలకి ఈ చదునైన వైపు నుంచి ఆ చదునైన వైపుకి ఎంత దూరమో అది. బోల్టు లావు వేరే. ఎం10 బోల్టు అంటే కాడ 10 ఎంఎం. దానికి తల ఎంత ఉండాలి? ఇక్కడే దేశానికొక మాట.

జపాన్ బళ్ళలో ఎం10కి 14 పానా పడుతుంది. పాత జర్మనీ పద్ధతిలో 17 పడుతుంది. ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న ఐఎస్ఓ పద్ధతిలో 16. ఒకే బోల్టు, ఒకే త్రెడ్, మూడు పానాలు. ఎం8 తీసుకుంటే జపాన్ బళ్ళకి 12, జర్మనీ బళ్ళకి 13. ఎం12కి జపాన్ 17, జర్మనీ 19, ఐఎస్ఓ 18. అందుకే ఇసుజు, హినో లారీలు చేసేవాడి చేతిలో ఎప్పుడూ 10, 12, 14, 17 ఉంటాయి. వాడికి 13 అంటే అలమారలో పడి ఉండే పానా. మెర్సిడెస్, మ్యాన్ బళ్ళు చేసేవాడికి 13 లేనిదే రోజు గడవదు. ఇద్దరూ మంచి మెకానిక్‌లే. ఒకరి షెడ్డులో ఇంకొకరిని నిలబెడితే మాత్రం మొదటి రోజు తడబడతారు.

నాకిది కొత్త విషయం కాకూడదు, ఎందుకంటే నేను పదో తరగతి అయ్యాక విజయవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్డులో హెల్పర్‌గా చేశాను. మా మేస్త్రి దగ్గర పానాలు రెండు గోనె సంచుల్లో ఉండేవి. ఒక సంచి లేలాండ్ సంచి, ఇంకోటి బెంజి సంచి. రెండూ కలిపామంటే చెయ్యి ఎత్తేవాడు. అప్పట్లో అది ఆయన పిచ్చి అనుకునేవాళ్ళం. దాని వెనక దేశాల చరిత్ర ఉందని సింగపూర్ వచ్చాక తెలిసింది.

లేలాండ్ బ్రిటన్ కంపెనీ. మద్రాసులో అశోక్ మోటార్స్ వాళ్ళు ఆ కంపెనీతో కలిసి 1955లో అశోక్ లేలాండ్ అయ్యారు. బ్రిటన్ వాళ్ళది అంగుళాల లెక్క, కాబట్టి ఆ పాత లారీలవి అంగుళాల బోల్టులు. టాటా వాళ్ళు 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు. జర్మనీది ఎంఎం లెక్క. టాటా లారీని మన ఊళ్ళలో పెద్దవాళ్ళు చాలాకాలం బెంజి లారీ అనే పిలిచేవాళ్ళు, గుర్తుందా? కార్లలోనూ ఇదే కథ. అంబాసిడర్ బ్రిటన్ మోరిస్ కారు లోంచి వచ్చింది, అంగుళాలు. ఫియట్ ఇటలీది, ఎంఎం. బుల్లెట్ బండి బ్రిటన్‌ది, జావా చెకోస్లోవేకియాది. బుల్లెట్ మెకానిక్, జావా మెకానిక్ ఒకరి పానాలు ఒకరికి అప్పు ఇచ్చుకోకపోవడం పిసినారితనం కాదు, ఇచ్చినా పనికిరావు. మన ప్రభుత్వం 1956లో తూకాలు, కొలతల చట్టం చేసి మెట్రిక్‌లోకి మారింది. చట్టం మారినంత మాత్రాన రోడ్డు మీద ఉన్న లారీ బోల్టు మారదు కదా. అందుకే మేస్త్రికి రెండు సంచులు.

ఈ గొడవ ఎక్కడ మొదలైందో కొంచెం చెప్తాను, ఎక్కువ సాగదీయను. వెనకటికి ఒక్కో వర్క్‌షాపు తన బోల్టు తను చేసుకునేది. ఒక షాపు నట్టు పక్క షాపు బోల్టుకి పట్టదు. 1841లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీర్ చాలా వర్క్‌షాపుల స్క్రూలు తెప్పించి చూసి, అందరికీ ఒకే కొలత పెట్టమన్నాడు. త్రెడ్ కోణం 55 డిగ్రీలు అన్నాడు. బ్రిటన్ పాలించిన దేశాలన్నిటికీ అది వెళ్ళింది, మనకీ వచ్చింది. 1864లో అమెరికాలో ఫిలడెల్ఫియాకి చెందిన విలియం సెల్లర్స్, 60 డిగ్రీలయితే తయారీ సులువు అని ఇంకో కొలత పెట్టాడు. ఇద్దరివీ అంగుళాలే, అయినా కలవవు. అర అంగుళం బోల్టుకి విట్‌వర్త్ పద్ధతిలో అంగుళానికి 12 చుట్లు, అమెరికా పద్ధతిలో 13.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, అమెరికా ఒకే పక్షాన పోరాడాయి. ఒకరి బోల్టు మాత్రం ఇంకొకరి నట్టులో పట్టలేదు. ఆ దెబ్బతో యుద్ధం అయ్యాక 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని ఒకే త్రెడ్ ఒప్పుకున్నాయి. యుద్ధం నేర్పితే గానీ ఒప్పుకోలేదు. అయితే అదీ అంగుళాల్లోనే. మిగతా ప్రపంచం ఎంఎంలో ఉంది.

విట్‌వర్త్ పానాలో ఇంకో తిరకాసు ఉంది. దాని మీద రాసింది నోటి వెడల్పు కాదు, బోల్టు లావు. 1/4 అని ఉంటే నోరు పావు అంగుళం కాదు, పావు అంగుళం బోల్టు తలకి సరిపోయే నోరు. అది అర అంగుళం కన్నా కాస్త పెద్దది. ఇక్కడ సుంగై రోడ్‌లో దొంగ బజార్ ఉండేది, 2017 జూలైలో మూసేశారు. పాతవాళ్ళందరికీ తెలుసు, ఆదివారం పూట పాత ఫోన్లు, చెప్పులు, వాచీలు అన్నీ దొరికేవి. అక్కడ నేను ఇలాంటి పానాలు నాలుగు కొన్నాను, 1/4 అని చూసి చిన్నది అనుకుని. రూముకి వచ్చి కొలిస్తే ఏ లెక్కకీ అందలేదు. మోసపోయాననుకున్నాను. మోసం కాదు, నాకే చదవడం రాలేదు.

మరి సింగపూర్ మెట్రిక్ దేశమే కదా అంటారు. అవును, 1970లో మెట్రికేషన్ చట్టం చేశారు. కానీ ఈ దేశం సొంతంగా లారీలు చేయదు, ప్రపంచమంతటి నుంచీ తెస్తుంది. 1977లో ఇక్కడ రోడ్డెక్కిన డబుల్ డెక్కర్ బస్సులు బ్రిటన్ లేలాండ్ అట్లాంటియన్లు, మన అశోక్ లేలాండ్ చుట్టాలే. ఈ రోజు మన సైటులో చూడండి. ఎక్స్‌కవేటర్ జపాన్‌ది, క్రేన్ జర్మనీది, జనరేటర్ ఇంగ్లండ్‌ది కావచ్చు, కంప్రెసర్ అమెరికాది, లారీ జపాన్‌ది, కొత్తగా వచ్చేవి చైనావి. క్యాటర్‌పిల్లర్ పాత మెషీన్లలో అంగుళాల బోల్టులే ఎక్కువ. మన పానాల డబ్బా మాత్రం ఒక్కటే.

మనుషులదీ అంతే. తెలంగాణ తమ్ముళ్ళు ఇప్పటికీ రాడ్డు సూతుల్లో చెప్తారు, మూడు సూతులు, నాలుగు సూతులు అని. తమిళవాళ్ళు అదే నూల్ అంటారు. అంగుళానికి ఎనిమిది. ఊళ్ళో 12 ఎంఎం రాడ్డు కట్టినవాడు ఇక్కడికొచ్చి 13 రాడ్డు చూసి కంగారు పడతాడు. మనం పానా అంటాం, మలయ్ వాళ్ళు సెపానా అంటారు, పేరు దగ్గర మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఇంకో తమాషా చూడండి. మీ సాకెట్ సెట్టు పూర్తిగా ఎంఎందే అయినా, సాకెట్ వెనక రాచెట్ దూరే చదరం ఉంటుందే, అది అర అంగుళం. జపాన్‌లో చేసినా, జర్మనీలో చేసినా అర అంగుళమే. టైరు రిమ్ము కూడా అంగుళాలే. ఎంఎం దేశాలు కూడా అక్కడ నోరెత్తవు.

కొన్ని అంగుళాల పానాలూ ఎంఎం పానాలూ దాదాపు ఒకటే. 3/4 అంటే 19.05, కాబట్టి 19 పానా దాని మీద బాగానే కూర్చుంటుంది. 5/8 అంటే 15.87, 16 పానా సరిపోతుంది. 15/16 మీద 24 నడుస్తుంది. ఇవి నడుస్తాయి కాబట్టే మిగతావి కూడా నడుస్తాయని మనకి ధైర్యం వస్తుంది. 11/16 అంటే 17.46, దాని మీద 17 ఎక్కదు, 18 అర ఎంఎం వదులు. 9/16 సంగతి చెప్పాను. అర ఎంఎం అంటే ఏముంది అనుకుంటాం. పానా అంత వదులుగా ఉంటే బలం చదునైన వైపు మీద పడదు, ఆరు మూలల మీద పడుతుంది. మూల అరిగిందంటే పానా జారుతుంది, మనం లాగే బలమంతా మన చేతికే వస్తుంది.

కంటితో చూసి సరిపోతుందిలే అనుకుంటే ఏమవుతుందో చెప్పడానికి నా కథ కన్నా పెద్ద కథ ఒకటి ఉంది. 1990 జూన్ 10న ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్ మలగాకి ఒక విమానం బయలుదేరింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390. పైకి లేచిన పదమూడు నిమిషాలకి, 17 వేల అడుగుల ఎత్తులో, కెప్టెన్ ముందున్న అద్దం ఊడి బయటికి ఎగిరిపోయింది. గాలి ఆయన్ని సీటులోంచి లాగేసింది. నడుము దాకా విమానం బయట, కాళ్ళు లోపల. లోపలి సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని వేలాడారు. కో పైలట్ సౌతాంప్టన్‌లో దించేదాకా వదల్లేదు. చచ్చిపోయాడనే అనుకున్నారు, అయినా వదల్లేదు. ఆయన బతికాడు.

ముందు రోజే ఆ అద్దం కొత్తది వేశారు. 90 బోల్టులు. అందులో 84 బోల్టులు కావాల్సినదానికన్నా అంగుళంలో వెయ్యో వంతులు 26 సన్నం, అంటే మన లెక్కలో 0.66 ఎంఎం. మిగతా ఆరూ పొట్టివి. వాటిని పట్టింది కొత్త హెల్పర్ కాదు, రాత్రి షిఫ్టు మేనేజరే స్వయంగా పట్టాడు. పాత బోల్టు ఒకటి చేతిలో పెట్టుకుని దాంతో పోల్చి ఏరుకున్నాడు. ఆ అద్దానికి వేరే నంబరు బోల్టు కదా అని స్టోరులో అతను అన్నాడు కూడా. పాతది ఇదే కదా అని ఈయన వినలేదు. స్టోరులో సరిపడా లేకపోతే ఇంకో చోట మసక వెలుతురులో ఏరుకున్నాడు. పైగా చేతిలో ఉన్న ఆ పాత బోల్టు కూడా సరైనది కాదు. కొత్తవాటి త్రెడ్ చుట్లు సరిపోయాయి కాబట్టి పట్టినట్టే అనిపించింది.

నేను ఈ కథ చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మేనేజరు స్థానంలో నేనే కనిపించాను. అతను పని తెలియనివాడు కాదు. పని బాగా తెలుసు అనుకున్నవాడు.

ఇక మనకి రోజూ తగిలేది, లారీ చక్రం. ఇది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే మనలో చాలామంది పొద్దున్నా సాయంత్రం ఆ లారీ వెనకే కూర్చుని వెళ్తాం.

జపాన్ పాత పద్ధతి లారీల్లో ఎడమ వైపు చక్రాల నట్లు ఉల్టా త్రెడ్. మామూలు నట్టు గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. ఎడమ చక్రానిది అలా తిప్పితే ఊడుతుంది. బండి ముందుకి వెళ్ళేటప్పుడు చక్రం తిరిగే తీరుకి నట్టు వదులు కాకూడదని అలా పెట్టారు. స్టడ్ చివర చూస్తే ఎడమ వైపు ఇంగ్లీషు అక్షరం ఎల్, కుడి వైపు ఆర్ కొట్టి ఉంటుంది. మట్టి తుడిస్తే కనిపిస్తుంది. వెనక జంట టైర్లకి రెండు నట్లు ఉంటాయి, లోపలిది 21 చదరం, బయటిది 41. పెద్ద లారీలు 2010 ప్రాంతం నుంచి ఐఎస్ఓ పద్ధతిలోకి మారాయి, వాటికి రెండు వైపులా మామూలు త్రెడ్, ఒకే నట్టు, 33 పానా. చిన్న లారీల్లో పాత పద్ధతి ఇంకా కనిపిస్తుంది. ఒకే యార్డులో రెండు రకాలూ పక్కపక్కన నిలబడి ఉంటాయి.

ఒకసారి మా లారీకి ఎడమ వెనక టైరు పంచర్ అయింది. ఇద్దరు కుర్రాళ్ళు 41 పానాకి పైపు తొడిగి, దాని మీద ఎక్కి గెంతారు. నట్టు ఊడట్లేదన్నా తుప్పు పట్టింది అన్నారు. తుప్పు కాదు, వాళ్ళు బిగిస్తున్నారు. రెండో గెంతుకి స్టడ్ పుటుక్కున విరిగింది. ఆ సాయంత్రం మిగిలిన స్టడ్లతోనే లారీ బయలుదేరింది, వెనక మేం పదిమందిమి. దారిలో ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టే మర్నాడు కూడా అదే లారీ వచ్చింది. మూడో రోజు నేను ఎక్కనన్నాను, అప్పుడు స్టడ్ వేయించారు. ఎక్కననడానికి నాకు రెండు రోజులు ఎందుకు పట్టిందో ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

టైరు మార్చినవాళ్ళు ఇంకో విషయం చూడాలి. జంట టైర్లకి ముందు లోపలి నట్టు బిగించి, దాని మీద బయటిది బిగించాలి. తర్వాత మళ్ళీ బిగించేటప్పుడు కూడా బయటిది వదులు చేసి, లోపలిది బిగించి, మళ్ళీ బయటిది. అన్నీ ఒకేసారి వదులు చేయకూడదు, ఒకటి విడిచి ఒకటి చేయాలి. బయటిది ఒక్కటే బిగిస్తే లోపలి టైరు వదులుగా ఉన్నా పైకి తెలియదు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్ళీ చూడాలి. ఎంత బిగించాలనేది బండి పుస్తకంలో ఉంటుంది. ఇంపాక్ట్ గన్‌తో టరటరమని కొట్టి వదిలేస్తే అది బిగించడం కాదు, చివర్లో టార్క్ రెంచి పెట్టాలి.

బళ్ళు కాకపోయినా ఇదే లెక్క పడే చోటు ఇంకోటి చెప్పి ఊరుకుంటాను, లిఫ్టింగ్ ఐబోల్టు. ఎం12 బోల్టు కాడ 12 ఎంఎం, అర అంగుళం బోల్టు 12.7. ఎం12 ఐబోల్టుని అర అంగుళం రంధ్రంలో పెడితే చేత్తోనే లోపలికి వెళ్తుంది. పట్టినట్టే ఉంటుంది. త్రెడ్ మాత్రం అంచుల మీదే వేలాడుతూ ఉంటుంది, క్రేన్ ఎత్తగానే ఊడొస్తుంది. చేత్తో వదులుగా ఊగుతూ దూరే ఐబోల్టుని చూస్తే పని ఆపండి. ఎయిర్ పైపుల్లో కూడా బ్రిటన్ త్రెడ్, అమెరికా త్రెడ్ రెండూ ఉన్నాయి. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండిటికీ అంగుళానికి 14 చుట్లే, కాబట్టి ఒకదాంట్లో ఒకటి ఎక్కుతుంది, కోణం తేడా వల్ల కారుతుంది. టేపు ఎన్ని చుట్లు చుట్టినా కారుతుంది.

ఏది ఏదో గుర్తుపట్టడం ఎలా అని ఆ రోజు ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. ముందు బోల్టు తల తుడవండి. 8.8, 10.9, 12.9 అని చుక్కతో అంకెలు ఉంటే అది ఎంఎం బోల్టు. ఆ అంకెలు బోల్టు బలం, పానా సైజు కాదు. 10.9 ఉంది కదా అని 11 పానా వెతికినవాణ్ణి చూశాను. అంకెలు లేకుండా మధ్య నుంచి గీతలు ఉంటే అమెరికా అంగుళాల బోల్టు. మూడు గీతలుంటే గట్టిది, ఆరుంటే ఇంకా గట్టిది. ఆరు గీతల బోల్టు తీసిన చోట ఏ గుర్తూ లేని బోల్టు పెట్టకండి. తల మీద ఏమీ లేకపోతే కాలిపర్‌తో తల కొలవండి, త్రెడ్ గేజ్ పెట్టి చూడండి. గేజ్ అంటే సన్న రేకుల కట్ట, చిన్న వస్తువు, జలాన్ బసార్ వైపు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. కొత్త నట్టు వేళ్ళతో మూడు నాలుగు చుట్లు మెత్తగా తిరగాలి. రెండో చుట్టుకే బిగిస్తే అది బిగియడం కాదు, వేరే త్రెడ్. అక్కడ పానా పెట్టి బలవంతం చేయకండి. స్క్రూ రెంచి అన్నిటికీ పడుతుంది అంటారు, నిజమే, అన్నిటినీ పాడు కూడా చేస్తుంది. బాగా బిగుసుకున్న బోల్టుకి దాన్ని వాడకండి. సరైన రింగు పానా లేకపోతే లేదని చెప్పండి.

చెప్తే సూపర్‌వైజర్ తిడతాడు అంటారు. తిడతాడు, నేనూ తిట్టాను కదా. అందుకే చట్టం గురించి రెండు మాటలు, ఇవి నాకు 2012లో తెలియవు.

పనిలో దెబ్బ తగిలితే వైకా అనే పరిహార చట్టం ఉంది. పానా నువ్వే తప్పు పట్టావు కాబట్టి నీకు డబ్బు రాదు అనడానికి లేదు. తప్పు ఎవరిదని ఆ చట్టం అడగదు, పనిలో జరిగిందా అని అడుగుతుంది. తాగి ఉండటం, కొట్లాట లాంటివి వేరే సంగతి. వైద్యం ఖర్చు కంపెనీది. డాక్టరు ఎంసీ ఇస్తే మొదటి 14 రోజులకి పూర్తి జీతం ఇవ్వాలి. 2020 సెప్టెంబరు నుంచి ఒక్క రోజు ఎంసీ ఇచ్చినా, తేలిక పని అని రాసినా, కంపెనీ మినిస్ట్రీకి తెలియజేయాలి. క్లెయిము వేయడానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఒక సంవత్సరం టైము. డాక్టరు దగ్గర "రూములో జారిపడ్డాను" అని చెప్పమంటే చెప్పకండి. కాగితం మీద ఏం రాస్తారో అదే తర్వాత మాట్లాడుతుంది.

బోల్టు విరిగింది, త్రెడ్ పోయింది అని జీతం కోసేస్తే, దానికీ పద్ధతి ఉంది. ముందు నీ మాట వినాలి. నీ తప్పే అని తేలినా ఒక నెల జీతంలో 25 శాతం దాటి కోయకూడదు. "అన్నా, ఆ పానా డబ్బాలో లేదు" అని చెప్పే అవకాశం నీకు ఉందన్నమాట. ఆ శ్రీకాకుళం తమ్ముడికి ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వాల్సినవాణ్ణి నేను, పక్కనే నిలబడి ఉన్నాను.

మన గ్రూపులో సూపర్‌వైజర్లు, లీడింగ్ హ్యాండ్లు కూడా ఉన్నారు. వాళ్ళకి ఒక్కటే అడుగుతాను. రేపు టూల్ బాక్స్ మీటింగులో మీ డబ్బా తెరిచి చూడండి. అంగుళాల సెట్టు ఒకటి ఉందా? 13, 16, 18 ఉన్నాయా? మా దగ్గర ఇప్పుడు ఎంఎం పానాల పిడికి నీలం టేపు, అంగుళాల పిడికి ఎర్ర టేపు చుట్టాం. మెషీన్ మీద కూడా అదే రంగు చుక్క పెయింటుతో పెట్టాం. బంగ్లా తమ్ముళ్ళకి, తమిళవాళ్ళకి, మనవాళ్ళకి వేరే మాట అక్కర్లేదు, రంగు చాలు. పెయింటు డబ్బా, రెండు టేపులు, ఒక ఆదివారం పూట, అంతే ఖర్చు. మా మేస్త్రి రెండు గోనె సంచులతో చేసింది ఇదే.

ఆ తమ్ముడు ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు, ట్రాక్టర్ల షెడ్డు పెట్టుకున్నాడు. వేలు పూర్తిగా వంగదు. దసరాకి ఫోన్ చేశాడు, ఎవరిదో పాత విదేశీ ట్రాక్టర్ వచ్చిందంట, బోల్టులు ఏ లెక్కో తెలియట్లేదన్నాడు. ఫోటో పెట్టమన్నాను. తలల మీద మూడేసి గీతలున్నాయి. "అంగుళాల సెట్టు కొనుక్కో తమ్ముడూ, 7/16 నుంచి 15/16 దాకా" అని చెప్పాను. డబ్బులు నేను పంపుతానంటే వద్దన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు.

వచ్చే ఆదివారం నా కాలిపర్, త్రెడ్ గేజ్, ఆ సుంగై రోడ్ విట్‌వర్త్ పానాలు తీసుకొస్తాను. మీ సైటులో ఏ పానాకీ పట్టని పాత బోల్టు ఏదైనా స్క్రాపులో పడి ఉంటే, సైటులో అడిగి జేబులో వేసుకుని రండి. కూర్చుని కొలుద్దాం.